లాలా పువ్వు సీజను

ఈ పొద్దున పేపర్లోంచి ఒక రంగుల కాగితం జారి నా ఇడ్లీ ప్లేట్లో పడింది. "కాశ్మీర్ చూడటానికి ఇదే సరైన సమయం. గైడు, బస, భోజనం అన్నీ మావే. సీట్లు కొన్నే ఉన్నాయి" అని ఉంది. మిగతాది చట్నీలో తడిసిపోయింది కాబట్టి చదవలేదు. తడవకపోయినా చదివేదాన్ని కాదు. కొందరికి బల్లి కనబడితే ఒళ్ళు జలదరిస్తుంది, నాకు "సరైన సమయం" అన్న రెండు మాటలు పక్కపక్కన కనబడితే అలాగే అవుతుంది. మా మొఘల్‌పురా ఇంట్లో ఆ రెండు మాటల కోసం ముగ్గురు పెద్దమనుషులు మూడేళ్ళు కష్టపడ్డారు. వాళ్ళ కష్టం కళ్ళారా చూసినదాన్ని కాబట్టి ఆ కాగితాన్ని తుడిచి, మడిచి, కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టాను. దానివల్ల ఇంతకన్నా మేలు జరుగుతుందని నేను అనుకోను.

మా నాన్నది కోస్తా జిల్లా. ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి, అద్దె తక్కువని పాతబస్తీలో దిగి, రెండేళ్ళలో మారిపోదామనుకుని, ముప్పై నాలుగేళ్ళుగా ఇంకా మారబోతూనే ఉన్నారు. నీటిపారుదల శాఖలో వర్షపాతం రిజిస్టర్లు రాసేవారు. ఏ మండలంలో ఏ నెలలో ఎన్ని మిల్లీమీటర్లు పడిందో ఆయనకు తెలుసు, మా ఇంటి పైకప్పు ఎక్కడ కారుతుందో మాత్రం తెలియదు. మా పక్కిల్లు చాచాది. రెండిళ్ళకూ మధ్య ఒకే గోడ, ఆ గోడలో ఎవరో పూర్వం ఇటుకలు తీసేసిన కిటికీ లాంటి సందు. కూర గిన్నెలు, కరివేపాకు, కబుర్లు అన్నీ అందులోంచే వెళ్ళివచ్చేవి. చాచాకు దబీర్‌పురా స్టేషను దగ్గర చిన్న దుకాణం. చలికాలం రజాయిలు, అంటే దూది బొంతలు, కుట్టి అమ్మేవాడు, ఎండాకాలం కూలర్లకు వట్టివేళ్ళ తడికలు కట్టేవాడు, వానాకాలం టార్పాలిన్లు అమ్మేవాడు. దేవుడు ఏ కాలం పంపినా దానికి సరిపడే సరుకు ఆయన దగ్గర ఉండేది. అందువల్ల ఆయనకు ఏడాదిలో ఒక్క ఖాళీ వారం కూడా ఉండేది కాదు.

ఆయన భార్య చాచీ మగ్గం వర్క్ చేసేది. చెక్క చట్రానికి బట్ట బిగించి, దాని ముందు బాసింపట్టు వేసుకుని, జరీ దారంతో పువ్వులు కుట్టేది. పాతబస్తీలో పెళ్ళికూతుళ్ళు ఎన్ని వందలమంది ఆమె పువ్వులు భుజాన వేసుకుని అత్తారింటికి పోయారో లెక్కలేదు. వాటిలో ఆమె చేతికి బాగా అలవాటైనది లాలా పువ్వు. లాలా అంటే తులిప్పే. వాళ్ళ అమ్మ కాగితం మీద గీసిచ్చిన నమూనా చూసి నేర్చుకుంది, వాళ్ళ అమ్మకు వాళ్ళమ్మ గీసిచ్చింది. మూడు తరాలుగా ఆ పువ్వు కుడుతున్న ఆ ఇంట్లో ఆ పువ్వును చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. నేను ఆడపిల్లను కాబట్టి లోపలి గదిలోకి నేరుగా వెళ్ళి ఆ చట్రం పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకునేదాన్ని. ఒకసారి మా సైన్సు పుస్తకంలో తులిప్ బొమ్మ చూపిస్తే చాచీ చాలాసేపు పట్టిపట్టి చూసింది. "ఆకులు నేను తప్పు కుడ్తున్న. లేకుంటే పుస్తకం తప్పు" అంది. ఏది తప్పో తేల్చుకోవాలన్న కోరిక ఆమెకు అక్కడ పుట్టిందనుకుంటాను.

తర్వాత షుగర్ వచ్చింది. షుగరు మొదట కాళ్ళ మీద, తర్వాత కళ్ళ మీద పడింది. కంటి డాక్టరు ఇంజెక్షన్లు ఇచ్చాడు, లేజర్ చేశాడు. చివరికి చాచా, నాన్న, నేను ముగ్గురం ఎదురుగా ఉండగానే, "ఉన్న చూపు ఎంతకాలం ఉంటుందో నేను చెప్పలేను. చూడాలనుకున్నవి ఏవైనా ఉంటే చూసేయండమ్మా" అన్నాడు. ఆటోలో తిరిగి వచ్చాం. మా వీధి మలుపులో చాచీయే అంది, "లాలా చూస్త. అసలుది. గంతే."

ఆ సాయంత్రమే గోడ సందులోంచి తీర్మానం జరిగిపోయింది. రెండు కుటుంబాలూ కలిసి కాశ్మీర్ టూరు, తులిప్పుల తోట ఉన్నది అక్కడే. గైడు ఉన్న టూరే వెళ్ళాలి, ఎందుకంటే మాలో ఎవరమూ నాగ్‌పూర్ దాటి ఎరగం. మిగిలింది ఒక్కటే, ఏ సీజన్లో వెళ్ళాలన్నది. చూసేది ఒక్కసారే కనుక అది లోపం లేని సీజను కావాలని మగవాళ్ళిద్దరూ పట్టుబట్టారు. అక్కడే మేమందరం మునిగాం, చాలా మర్యాదగా, టీ తాగుతూ మునిగాం.

తులిప్పులు పూసేది మార్చి చివర నుంచి ఏప్రిల్ మధ్య దాకా, ఓ మూడు నాలుగు వారాలు. సరిగ్గా ఆ వారాల్లోనే ఆ ఏడాది రంజాన్. నాన్న వినయంగానే అడిగారు, "ప్రయాణంలో ఉన్నవాళ్ళకు రోజా ఉపవాసానికి సడలింపు ఉంటుందట కదా భాయ్?"

"సడలింపు ఉంది సాబ్, మనసొప్పది. రంజాన్ల ఇల్లిడిసి పోయి ఆడ హోటల్ల పొద్దుమీకి ఒక్కరమే ఇఫ్తార్ చేసుడా? మొహల్లా మొత్తం ఏమనుకుంటది?"

మరి పువ్వుల్లేకపోతే పోనీ, మంచు అయినా చూద్దామంటే, జనవరి రజాయిల సీజను. పైగా పుష్యమాసమని, శూన్యమాసంలో కొత్త పనులు పెట్టుకోనని మా అమ్మ. మే, జూన్ కూలర్ల సీజను. జూలై ఆషాఢం, పైగా కొండచరియలు విరిగిపడతాయని నాన్న ఏవో రికార్డులు తీసి చదివి వినిపించారు. ఆ కొండల మీద ఒక్క వానచుక్క కూడా ఈయన చేత్తో రాసింది కాదు గనుక ఆ రికార్డుల మీద ఆయనకు నమ్మకం తక్కువే, అయినా భయపడటానికి సరిపోయింది. ఆగస్టు టార్పాలిన్ల సీజను. సెప్టెంబరులో పితృపక్షాలు. అక్టోబరులో దసరా, తర్వాత చాచాకు దూది బేళ్ళు దిగే రోజులు. నవంబరు అమ్మకు కార్తీకం. "నవంబరులో అయితే ఏమీ ఉండదు కూడా. ఆకు రాలిపోయి ఉంటుంది, మంచు ఇంకా పడదు. డబ్బిచ్చి కట్టెలు చూసి రావాలి" అని నాన్న ఆ నెలను ఒక్క గీతతో కొట్టేశారు.

అప్పుడు నాన్నకు ఆ ఆలోచన వచ్చింది. ఆయన జీవితంలో వచ్చిన పెద్ద ఆలోచనల్లో అది రెండోది, మొదటిది ఈ ఇంట్లో దిగడం. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. తులిప్పులు ఎక్కడికీ జరగవు. కాబట్టి ఓపిక పడితే ఏదో ఒక ఏడాది రంజాన్ ముందుకు జరిగిపోయి, పువ్వులు ఖాళీగా దొరుకుతాయి. గ్రాఫ్ కాగితం మీద ఎర్ర గీత పువ్వులకు, ఆకుపచ్చ గీత రంజాన్‌కు వేసి లెక్క తేల్చారు. మూడు వసంతాలు వదిలేస్తే నాలుగో వసంతం మనది. ఈద్ సేమ్యా తిని రైలెక్కొచ్చు. చాచా ఆ కాగితాన్ని పైకెత్తి చూసి, "సాబ్, మీరు ఇంజనీర్ కావల్సింది" అన్నాడు. నాన్న వద్దు వద్దంటూ సిగ్గుపడ్డారు. రెండు మతాల పంచాంగాలూ, మూడు వ్యాపారాలూ, వాతావరణ శాఖా అన్నీ ఒప్పుకున్న ఏకైక తీర్మానం అది. అందులో చాచీ కళ్ళకు మాత్రం ఏ గీతా లేదు. డిగ్రీ చదివి, కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్న నాకు ఆ సంగతి తోచలేదు. గీతలు నీటుగా ఉన్నాయనే అనుకున్నాను.

మొదటి వసంతం అలా గడిచింది. రెండోది గడిచింది. ఆ మధ్యలో చాచీ పనిలో చిన్న తేడాలు వచ్చాయి గానీ వాటికి కారణాలు సిద్ధంగా ఉండేవి. ఆర్డర్లు తగ్గించుకుంది, నడుం నొప్పి అంది. గోడ సందులోంచి గిన్నె ఇచ్చేటప్పుడు నా చెయ్యి తగిలేదాకా వదిలేది కాదు. ప్రేమ అనుకున్నాను. మూడో వసంతంలో రంజాన్ సగం తులిప్పుల మీదుగా జరిగింది. నాన్న కేలండరు చూసి, "ఇంక ఒక్కటే" అన్నారు, రైలు స్టేషనుకు దగ్గరపడుతుందని చెప్పే మనిషిలాగా.

ఆ ఏడాది దీపావళి వెళ్ళాక, ముందుగా సీట్లు పట్టుకోవడం మంచిదని నాన్న ఒక టూర్ల కంపెనీ ఆయన్ని పిలిపించారు. ఆయన కిషన్‌బాగ్ నుంచి స్కూటీ మీద, వీపున పెద్ద సంచితో వచ్చాడు. మా ముందు గదిలో అందరం కూర్చున్నాం. చాచా కుర్చీలో, చాచీ దివాను మీద, అమ్మ గుమ్మంలో. ఆయన సంచిలోంచి ప్లాస్టిక్ పూత పూసిన కాగితాలు తీసి మనిషికొకటి పంచాడు. నాకు హౌస్‌బోటు వచ్చింది. నాన్నకు తులిప్ తోట వచ్చింది, కొండ కింద ఎరుపు, పసుపు, ఊదా వరసలు. చాచీకి వచ్చిన కాగితాన్ని ఆమె రెండు చేతులా పట్టుకుని, ముఖానికి కాస్త దూరంగా జరిపి, చిరునవ్వుతో అంది:

"యా అల్లా, ఎంత ఎర్రగున్నయి! గీ నడిమి వరస సూడు బిడ్డా, మంటలెక్క ఉంది."

నేను చూశాను. ఆమె చేతిలో ఉన్నది టికెట్టు రద్దు చేసుకుంటే వర్తించే నిబంధనలు. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు, ఒకటి నుంచి పద్నాలుగు దాకా.

ఆ క్షణం గురించి నేను రాయగలిగింది తక్కువ. ఫ్యాను తిరుగుతోంది. టూర్ల ఆయన నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు, అందుకు ఆయనకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న వైపు చూస్తే, ఆయన తన చేతిలోని తులిప్ తోట కాగితాన్ని మెల్లగా బోర్లించి ఒళ్ళో పెట్టుకుంటున్నారు, దొంగతనం చేసి పట్టుబడ్డట్టు. చాచా మాత్రం టీ కప్పులోకే చూస్తున్నాడు.

నాన్న టూర్ల ఆయన వైపు తిరిగారు. "వచ్చే వారం మీ టూరు ఏదైనా ఉందా?" అన్నారు.

"వచ్చే వారమా సార్? ఇప్పుడు సీజన్ కాదు సార్. ఏముండది అక్కడ. మీరే అన్నరు కదా ఫోన్ల, ఏప్రిల్..."

"ఉందా, లేదా?"

నాన్న గొంతులో ఆ కరుకుదనం నేను అంతకుముందు వినలేదు. ఆయన వానల మీద కూడా ఎన్నడూ విసుక్కోలేదు. టూర్ల ఆయన భయపడి, ఎవరూ ఎక్కని ఒక టూరు ఉందని ఒప్పుకున్నాడు.

చాచా లేచి వెనక పెరట్లోకి వెళ్ళాడు. నాన్న వెంట వెళ్ళారు. ఖాళీ కప్పులు కడగడానికి వెళ్ళిన నాకు గోడ అవతల మాటలు వినబడ్డాయి. వినకూడదని కుళాయి తిప్పాను గానీ మా వీధిలో ఆ వేళ నీళ్ళు రావు.

"భాయ్, మీకు తెలుసా?" అన్నారు నాన్న.

"ఎరికే సాబ్. బక్రీద్ సంది ఎరికే. సూదిల దారం నేనే ఎక్కిస్తున్న. పొద్దుగాల దుకాణం పోయేముందు ఇరవై సూదులు ఎక్కించి దిండుకు గుచ్చి పోత."

"అయ్యో, మరి చెప్పరేమండీ! ఎప్పుడో తీసుకెళ్ళేవాళ్ళం కదా!"

చాచా అన్నాడు, "గందుకే చెప్పలే. పోతిమనుకో. ఆ పువ్వుల ముందట నిలబెట్టి, సూడు అంటిమనుకో. ఆమె నాకు కనబడ్తలేదు అంటే? గా మాట నేను ఇనలేను సాబ్. డాక్టర్ చెప్పిన దినం సంది గదే భయం. గందుకే రజాయిలు, కూలర్లు అనుకుంట కూసున్న. దుకాణం నాల్గు దినాలు బంద్ పెడ్తె ఏమైతుండె? ఏం కాకపోతుండె."

మూడేళ్ళుగా సీజన్ దొరకడం లేదని మేమంతా అనుకుంటుంటే, మాలో ఒకడు ప్రతి సీజనునూ వెతికి వెతికి కాదంటున్నాడన్నమాట. ఆయన మీద కోపం రావాలి. ప్రయత్నించాను, రాలేదు.

ఆ వెళ్ళడం కార్తీకమాసంలోనే వెళ్ళాం. అమ్మ తానే తేల్చేసింది. "శివుడు ఉండేదే ఆ మంచు కొండల్లో. దీపం అక్కడే పెడతాను. ఆయనకు దగ్గర కూడాను" అంది. చాచా రజాయిల సీజన్ మొదట్లో దుకాణానికి తాళం వేశాడు. దబీర్‌పురాలో రెండు రోజులు దాని గురించే చెప్పుకున్నారట, ఎవరైనా పోయారా అని కూడా అడిగారట.

నాన్న చెప్పింది అక్షరాలా నిజం. శ్రీనగర్లో కట్టెలు ఉన్నాయి. చినార్ చెట్లు ఆకులన్నీ రాల్చి ఊరికే నిలబడ్డాయి. ఆకాశం, సరస్సు, రోడ్డు ఒకే రంగులో ఉన్నాయి, ఆ రంగుకు పేరు పెట్టడం అనవసరమని ఎవరో వదిలేసినట్టు. మాకు ఇచ్చిన గైడు నా వయసువాడే, పొడవాటి ఉన్ని ఫిరన్‌లో చేతులు దాచుకుని నడిచే మర్యాదస్తుడు. పాపం అతనికి చూపించడానికి ఏమీ లేదు. "ఇక్కడ జనవరిలో మోకాలి లోతు మంచు ఉంటుంది. అక్కడ మేలో బాదం చెట్ల కింద కూర్చోవచ్చు. ఈ నీళ్ళ మీద ఆగస్టులో తామరలు" అని ఉర్దూలో చెప్పుకుంటూ పోయాడు. మొదటి రోజంతా మేం లేని నెలల్లో తిరిగాం. మా గుంపులో కళ్ళున్నవాళ్ళకూ లేనివాళ్ళకూ పెద్ద తేడా లేదు. అది చూసి నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. రెండూ మఫ్లర్లో దాచేశాను.

చాచా మాత్రం హోటల్లో రజాయి అంచు పట్టుకుని నలిపి, "దూది కాదిది. ప్లాస్టిక్. గీ చలిల గీ చోరీ ఏంది?" అని మేనేజరుతో లొల్లి పెట్టుకున్నాడు. ఆ ఒక్క గొడవలోనే ఆయన మామూలు మనిషిలా కనబడ్డాడు. మిగతా వేళల్లో చాచీ చెయ్యి పట్టుకుని, ఆమె ఎక్కడ ఏమంటుందోనని బిక్కుబిక్కుమంటూ నడిచేవాడు. ఆమె ఏదైనా మాట మొదలుపెడితే చాలు, "చలి పెడుతుందా? చాయ్ తాగుతవా?" అని అడ్డం పడేవాడు. ఆ నాలుగు రోజుల్లో చాచీ తాగినన్ని చాయ్‌లు షుగర్ మనిషి ఎవరూ తాగి ఉండరు. చక్కెర లేనివే అనుకోండి.

చివరి రోజు తులిప్ తోటకు వెళ్ళాం. గేటు మూసి ఉంది. గైడు లోపలి మాలీని పిలిచి, హైదరాబాదు నుంచి వచ్చారు, పెద్దవాళ్ళు, అని ఏదో చెప్పి తెరిపించాడు. కొండ కింద మెట్లు మెట్లుగా దున్నిన నల్లమట్టి. దాంట్లో తాడు కట్టి వరసలు గీసి, పదిమంది వంగి ఏదో నాటుతున్నారు. పక్కన బుట్టల నిండా గోధుమరంగు గడ్డలు. తులిప్పులు నాటేది ఈ నెలలోనే అని గైడు చెప్పాడు. ఆ సంగతి మా నాన్న గ్రాఫులో లేదు. పూసేది ఎప్పుడో అందరం వెతికాం. అది పూయాలంటే ఎవరో ఎప్పుడో నాటాలి కదా అని మాకు ఎవరికీ తట్టలేదు.

మాలీ ఒక గడ్డ తీసి చాచీ అరచేతిలో పెట్టాడు. ఆమె దాన్ని వేళ్ళతో తిప్పింది. ఎండు పొరను గోటితో కొంచెం ఒలిచింది, మొనను బొటనవేలితో నొక్కింది, అడుగున వేర్లు పుట్టే మచ్చను తడిమింది. ముప్పై ఏళ్ళుగా గుడ్డ మీద దారం ఎక్కడ లేచిందో ఎక్కడ మునిగిందో చెప్పిన వేళ్ళవి.

"ఉల్లిగడ్డ" అంది చివరికి.

"ఉల్లిగడ్డ సూసేతందుకు ఇంత దూరమొస్తిమా?" అన్నాడు చాచా.

"ముప్పై ఏండ్ల సంది కుడ్తున్న. కింద గడ్డ ఉంటదని ఒక్కరన్న చెప్పలే నాకు. మా అమ్మ గూడ చెప్పలే. ఆకులు గీడికెల్లి రావాలె మరి. నేను కాడకు కుడ్తిని. పుస్తకమే కరెక్ట్ బిడ్డా" అంది నా వైపు తిరిగి. నా వైపు కాదు, నాకు కాస్త ఎడమగా ఉన్న గైడు వైపు. నేను ఎడమకు జరిగాను.

ఆమె మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుంది. వద్దు, మోకాళ్ళు పట్టేస్తాయని అమ్మ అంటున్నా వినలేదు. మాలీ వేళ్ళు పట్టుకుని లోతు ఎంతో కొలుచుకుంది. మొన పైకి పెట్టి గడ్డను దించింది, మట్టి కప్పింది. జానెడు జరిగి ఇంకొకటి. తాడు ముట్టుకోలేదు. నాలుగు పెట్టేసరికి మాలీ వంగి చూసి, తన మనుషులను పిలిచి ఆ వరస చూపించాడు. తాడు కట్టినా వాళ్ళ వరసలు అంత తిన్నగా రావట. నాన్న కూడా ఉత్సాహపడి ఒకటి నాటారు. మాలీ దాన్ని తవ్వి తీసి, తిరగేసి పెట్టాడు.

చాచా బుట్ట పట్టుకుని ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఒక్కొక్క గడ్డ అందిస్తున్నాడు. చాచీ చెయ్యి చాపింది, ఆయన అందించాడు, ఆ చెయ్యి గాల్లో దాన్ని దాటి పక్కకు పోయింది. రెండోసారి కూడా దాటిపోయింది. అప్పుడామె తల ఎత్తకుండానే, ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా, "నాకు కనబడ్తలేదు. చేతిల పెట్టు" అంది.

నాన్న చేతులు కట్టుకుని కొండ వైపు తిరిగారు. మూడేళ్ళుగా, నాలుగు కాలాలు అడ్డం పెట్టుకుని చాచా వినకుండా తప్పించుకున్న మాట అది. చాచా ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత ఆమె మణికట్టు పట్టుకుని, అరచెయ్యి తెరిచి, గడ్డ పెట్టి, వేళ్ళు మూశాడు.

"మొన ఎటుంది?" అన్నాడు.

"నాకు ఎరికే తియ్. ఆ దినం సాబ్ ఇంట్ల ఆ కాగితం మీద పువ్వుల్లేవని గూడ ఎరికే. అందరు నా మొహమే సూస్తున్నరు, ఏమన్న అనాలె గద. ఇంకోటియ్యి."

చాచా ఇంకొకటి ఇచ్చాడు. ఆపైన బుట్ట అడుగు కనబడేదాకా ఆయన అందిస్తూనే ఉన్నాడు, ఆమె పెడుతూనే ఉంది. చలికి మా ముక్కులు ఎర్రబడ్డాయి, గైడు రెండుసార్లు వాచీ చూసుకున్నాడు. ఒక్కొక్క గడ్డ మీద మట్టిని చాచీ అరచేత్తో అదుముతుంటే మెత్తని చప్పుడు వచ్చేది. జరిగిపోయిన మూడేళ్ళ మీద నాకు పెద్దగా ఫిర్యాదులేమీ లేవు. కాలం వెళ్ళేటప్పుడు ఆ మట్టి కంటే గట్టిగా చప్పుడు చేయదని ఆ మధ్యాహ్నం తెలిసింది, అంతే.